చీకటికి కుదిరిన ఫోకస్

లీలాండ్ ప్రాట్ కోళ్లు ఒకటొకటిగా మాయమవుతున్నాయి. నేరం పక్కింటి ఒడీల్ టిబొడో కుక్క మీద పడింది. పేరు బిస్కో. వెనక కాలు కుంటే ముసలి కుక్క.

"కళ్లారా చూడు," అంటూ లీలాండ్ ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు. కోళ్ల గూటికి ఎదురుగా చూరు కింద బిగించిన కెమెరా రాత్రి తీసిన వీడియో. అందులో నల్లటి ముద్ద ఒకటి అటూ ఇటూ కదిలింది.

"ఇది కుక్కా? కంబళి కప్పుకున్న నువ్వేమో!"

"వేళాకోళం ఆపు ఒడీల్. కంచె దగ్గర మంచులో దాని అడుగులున్నాయి. సోమవారం టౌన్ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తున్నా. పట్టుకుపోతారు."

ఆ అడుగులు ఒడీల్ కూడా చూసింది. కుంటికాలు ఈడ్చిన గీత కూడా ఉంది. అయినా ఒక మసక ముద్దను చూసి కుక్కను వదులుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు.

మధ్యాహ్నమంతా కంప్యూటర్ ముందు కూర్చుని అలాంటి కెమెరాల గురించి చదివింది. చీకటి పడుతుండగా నిచ్చెనా, ప్లోయ్ అనే అట్ల పిండి సంచీ పట్టుకుని లీలాండ్ పెరట్లోకి వచ్చింది.

"ఫోకస్ ఎప్పుడు సరిచేశావు?"

"పట్టపగలే. పగలు ఈకలు కూడా కనిపిస్తాయి."

"అదే తప్పు. చీకట్లో ఇది మన కంటికి కనిపించని కాంతితో చూస్తుంది. దానికి ఫోకస్ వేరే చోట కుదురుతుంది. పైగా ఆ కాంతి నీ తెల్లటి చూరుకి తగిలి లెన్స్‌లోకే తిరిగొస్తోంది."

సంచిని గూటి తలుపుకి వేలాడదీసి, నిచ్చెనెక్కి కెమెరాను కాస్త కిందికి దించింది. చలికి కొంకర్లు పోతున్న వేళ్లతో లెన్స్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పసాగింది. కింద లీలాండ్ ఫోన్ చూస్తూ అరిచాడు.

"ఇంకొంచెం... అయ్యో, దాటిపోయింది, వెనక్కి! ఆగు, ఆగు! సంచి మీద అక్షరాలు చదవగలుగుతున్నా!"

ఆ రాత్రి బిస్కోని లోపల పెట్టి గడియ వేసేద్దామా అనిపించింది ఒడీల్‌కి. వేస్తే తనే దాన్ని అనుమానించినట్టు. ఎప్పటిలాగే వసారాలో వదిలి పడుకుంది.

తెల్లారేసరికి లీలాండ్ తలుపు బాదుతున్నాడు. ఆమె తీయగానే ఫోన్ చేతిలో పెట్టాడు.

వీడియో అద్దంలా ఉంది. కంచె మీంచి ఒక నక్క దూకింది. నిక్కిన చెవులు, కుచ్చు తోక, మీసాలతో సహా కనిపిస్తున్నాయి. గూట్లోంచి కోడిని నోట కరుచుకొచ్చింది. అంతలో కంచె కింది సందులోంచి బిస్కో దూరింది. కుంటుకుంటూనే మీదికి ఉరికింది. నక్క కోడిని వదిలేసి పారిపోయింది.

"కోడి బతికే ఉంది," అన్నాడు లీలాండ్ తల దించుకుని. "క్షమించు ఒడీల్."

"నాకెందుకు? అదిగో, దానికి చెప్పు."

డెబ్బై ఏళ్ల లీలాండ్ మంచులో మోకాళ్లూని, బిస్కో మెడ చుట్టూ చేతులు వేశాడు. ఒడీల్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆదివారం చర్చి విందులో ఆమె ఆ వీడియోను బల్లబల్లకీ తిప్పింది. బిస్కో ఉరికే చోట ఆపి, బొమ్మ పెద్దది చేసి, మళ్లీ మళ్లీ చూపించింది.