గుర్తు లేని చొక్కా

పన్నెండో దుప్పటి మూల తిరగేసి, ఎర్రదారంతో రెండు కుట్లు వేసి, ముడి బిగించి, దారం పంటితో కొరికింది గుర్తులమ్మ. లాండ్రీకి వచ్చిన ప్రతి బట్ట మీదా అది ఏ ఇంటిదో తెలిసేలా గుర్తు కుట్టడం ఆమె పని. ఇరవయ్యారేళ్ళుగా అదే కిటికీ పక్కన, అదే స్టూలు మీద కూర్చుని కుడుతోంది. సూదిపోట్లకు చూపుడువేలి కొన మొద్దుబారిపోయింది. మరుగు నీళ్ళలో ముంచినా చురుక్కుమనదు.

“కళ్ళజోడు మార్చు తల్లీ. లేకపోతే డాక్టరుగారి ప్యాంటు ఏదో ఒకరోజు వాళ్ళ డ్రైవరు తొడుక్కుంటాడు” అన్నాడు ఇస్త్రీ చేసే పెద్దాయన.

“నా చేతిలో ఒక్క బట్ట మారిందేమో చెప్పన్నయ్యా. తర్వాత కొనిపిద్దువుగాని.”

ఆయన నవ్వి ఇస్త్రీ పెట్టె మీదికి వంగాడు. మారలేదు మరి.

మధ్యాహ్నం కావస్తుండగా గుడ్డసంచి పట్టుకుని ఒకామె వచ్చింది. ముప్పైయైదేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళకు బస్సు దుమ్ము పట్టి ఉంది. గుర్తులమ్మ ఎవరో అడిగి తెలుసుకుని, సంచిలోంచి బూడిదరంగు చొక్కా తీసి కాలరు వెనక్కి తిప్పి చూపించింది. మూడు అడ్డకుట్లు, ఒక నిలువు కుట్టు.

ఆ గుర్తు ఊళ్ళో ఏ ఇంటికీ ఇవ్వలేదు గుర్తులమ్మ. అది కొడుకొక్కడికే. తొమ్మిదేళ్ళ కిందట సరిహద్దు కొండల్లో జరిగిన యుద్ధంలో పోయాడు. ఇరవైరెండేళ్ళు.

“మా తమ్ముడూ మీ అబ్బాయీ ఒక్క గదిలో ఉండేవాళ్ళంటమ్మా. ఇద్దరూ ఒకేరకం చొక్కాలు కొనుక్కున్నారంట. ఒకేరోజు పోయారు కదా, పెట్టెలు సర్దినవాళ్ళు తారుమారు చేసినట్టున్నారు. మొన్న మా నాన్న పోయాడు. ఆయన బట్టలు తీస్తుంటే ఈ కుట్లు కనబడ్డాయి. మేం లాండ్రీ మొహం ఎప్పుడు చూశాం? తమ్ముడితో పటాలంలో ఉన్న స్నేహితుణ్ణి అడిగితే మీ సంగతి చెప్పాడు.” ఆమె ఆ కుట్లను వేలితో తడిమింది. “తప్పిపోతావని నిన్ను కూడా ఎక్కడో కుట్టే ఉంటుందిరా మీ అమ్మ, చూపించు అని మీ అబ్బాయిని ఏడిపించేవాళ్ళంట.”

ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.

“మావాడి చొక్కా మీ దగ్గరుందా అమ్మా?”

‘లేదు’ అంటే సరిపోతుంది. ఆమె నమ్మి వెళ్ళిపోతుంది.

పెట్టె ఇంటికొచ్చిన రోజే కాలరు తిప్పి చూసింది గుర్తులమ్మ. కుట్లు లేవు. ఆ మాట అనబోయేలోగా భర్త ఆ విడిచిన చొక్కాలో మొహం దాచుకుని, “వాడి వాసనేనే” అన్నాడు. ఇక ఆమె ఆ మాట ఎత్తలేదు. పోయేదాకా ఆయన దాన్ని తలగడ కింద పెట్టుకునే పడుకున్నాడు. ఆయన పోయాక కూడా ఆమె ఎవరితోనూ అనలేదు. ఎవరి చెమటైతేనేం, ఆ కొండ మీది చెమటే కదా అనుకుంది. ఊరందరి బట్టలూ ఉతికే చోట పనిచేస్తూ, ఆ ఒక్క చొక్కాకు తొమ్మిదేళ్ళుగా నీళ్ళు తగలనివ్వలేదు.

“ఉంది” అంది. సూది దిండుకు గుచ్చి లేచింది.

రెండు సందుల అవతల గుర్తులమ్మ ఒంటిగది ఇల్లు. ప్లాస్టిక్ కవరు ముడి విప్పి చొక్కా చేతికిచ్చింది. “ఉతకలేదు” అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

వచ్చినామె దాన్ని ముక్కుకు ఆనించుకుంది. “మావాడికి చెమటెక్కువ. చిన్నప్పుడు పక్కన పడుకోబోతే కాలితో తన్నేదాన్ని” అంది. తర్వాత తలెత్తి, “గుర్తు లేదని మీకెప్పుడు తెలిసిందమ్మా?” అని అడిగింది.

“మొదటిరోజే.”

కుండ మీద మూత, గోడ మీద మేకు, అన్నిటినీ ఒకసారి చూసింది ఆమె. “మా నాన్నకు ఇది ఒక్కసారి ఇచ్చుంటే బాగుండేది” అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

“మా ఆయన…” అని మొదలుపెట్టి ఆగిపోయింది గుర్తులమ్మ. గ్లాసుతో నీళ్ళు ముంచి అందించింది.

వచ్చినామె నీళ్ళు తాగి, తను తెచ్చిన చొక్కా గుర్తులమ్మ చేతికిచ్చింది. కవరు ముడి మళ్ళీ గట్టిగా బిగించి సంచిలో పెట్టుకుంది. “నాలుగింటికి బస్సుంది. వస్తానమ్మా” అని మెట్లు దిగింది. సందు మలుపు దాకా వెనక్కి తిరగలేదు.

గుర్తులమ్మ పనిలోకి వెళ్ళింది. ఆసుపత్రి దుప్పట్లు నలభై వచ్చి ఉన్నాయి. అన్నీ కుట్టింది. పెద్దాయన టీ తెచ్చి పక్కన పెట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చి కొడుకు చొక్కా మడత విప్పి చూసింది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. ఏళ్ళ తరబడి ఆ వచ్చినామె తండ్రి తొడుక్కుని తిరిగిన చొక్కా. ముసలి మెడ రాసుకుని కాలరు అరిగింది. కింది బొత్తం మారింది. ఎడమ మోచేతి దగ్గర చిరిగినంత మేరా, పాత లుంగీలోంచి కత్తిరించిన నీలిగళ్ళ ముక్కను ఎవరో ఓపిగ్గా, సన్నటి కుట్లతో అతికించారు.