తడిపి చూడని రాయి

ఏసేపు నీళ్లింకిపోయిన వంకలోంచి ఒక రాయి తీసి, నాలుకతో తడిపి, ఎండకేసి పట్టి చూశాడు. పలుగురాయి. పారేశాడు. ఇంకొకటి ఎర్రగా ఉంది గానీ మరీ తేలిక. ఇటుకముక్క. అదీ పారేశాడు. పొద్దుటినుంచి ఎడమ రొమ్ములో పోటు పోలేదు.

మంగంపేట ముగ్గురాయి గనిలో పదిహేనేళ్లుగా రాళ్లు ఏరడం అతని పని. ఎండినప్పుడు అన్ని రాళ్లూ ఒకేలా ఉంటాయి. తడిపితేనే అసలు రంగు పైకొస్తుంది. ఊళ్లో ఎవరికి వింతరాయి దొరికినా అతని దగ్గరికే తెచ్చేవారు, అతని మాటకు తిరుగుండేది కాదు.

తడపకుండా చెప్పింది ఒక్కసారే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, భార్య ప్రేమమ్మ ఈ వంకలోనే ఒక రాయి ఏరి, గట్టెక్కి అతని చేతిలో పెట్టింది.

“నీళ్లల్లో పచ్చగా ఉన్నింది, సూడు.”

ఆకలి మీదున్న మగవాడి మాట ఎలా ఉంటుంది? “ఉత్త బండముక్క. నీకేం తెలుసు?” అని వంకలోకే విసిరేశాడు. వారానికే ఆమె జ్వరమొచ్చి చనిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం, గుడిలో ప్రార్థన కాగానే, ఆ రాయిని వెతుకుతున్నాడు. అదేమీ వజ్రం కాదని అతనికీ తెలుసు. ఆమె చెప్పింది నిజమో కాదో కళ్లారా చూడాలి. ఆనాటి మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాడు.

మేకలు తోలుకుపోతూ గంగక్క ఆగింది.

“ఏమప్పా, ఇంగా ఆ రాయే యెతుకుతాండావా? ఎండ శానా ఉండాది, ఇంటికి పో.”

“ఈ మలుపు సూసి పోతానక్కా.”

మలుపులో, ఇసుకలో సగం కూరుకుపోయి, బొటనవేలంత రాయి. నాలుక పిడచకట్టుకుపోయింది, తడి రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో చెలమ తవ్వాడు. ఊరిన నీళ్లలో రాయిని ముంచాడు. లేత తమలపాకు రంగు.

“నువ్వన్నిందే నిజం మే, ప్రేమమ్మా,” అన్నాడు.

రాయిని పిడికిట్లో పెట్టుకుని తుమ్మచెట్టు నీడన కూర్చున్నాడు. సాయంత్రం మేకలతో తిరిగొచ్చిన గంగక్క పిలిస్తే పలకలేదు.

మరునాడు అతణ్ణి ప్రేమమ్మ పక్కనే పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చారు. పిడికిట్లో దొరికిన దాన్ని గంగక్క తిప్పి తిప్పి చూసింది. ఎండిపోయిన బూడిదరంగు రాయి.

“ఇదేనేమో పాపం,” అని ప్రేమమ్మ గోరీ మీది రాళ్లలో పెట్టి, మేకల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆరుద్ర కార్తెలో తొలివాన పడినప్పుడు అక్కడ ఎవరూ లేరు. ప్రేమమ్మ గోరీ మీద, అన్ని రాళ్ల నడుమ, ఆ ఒక్కటే పచ్చగా ఉంది.