పాపమ్మాళ్‌ను అడిగిన రోజు

మందులకొక ఆఫీసు, ఇంటికొక ఆఫీసు, తోడు మనిషికొక ఆఫీసు అంటూ జనాన్ని తిప్పి చంపుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ మూడు పనులనూ ఒకేచోట చేర్చిన సంస్థకు విరుదునగర్‌లో ఇప్పుడు నేనే పెద్దని. కోపిష్టిదాన్నని పేరుంది. బృంద మేడమ్ చెప్పిందంటే అయిపోయినట్టేనని కూడా అంటారు, అది వింటే లోపల గర్వంగానే ఉండేది.

కోవిల్‌పట్టిలో మా సంస్థ ఇచ్చిన ఇంట్లో పాపమ్మాళ్ ఒంటరిగా ఉండేది. పక్షవాతంతో ఆమెకు మాట పడిపోయిందని నర్సు చెబితే నేనే వెళ్ళాను. ఇక్కడే ఉంటావా, మా వృద్ధాశ్రమానికి వస్తావా అని తమిళంలో అడిగాను. ఉంటానంటే రోజూ ఇంటికి మనిషిని పంపడం నా చేతిలో పనే. ఆమె పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. మళ్ళీ అడిగితే గోడకేసి చూసింది. అది మగ్గాల వీధి, ఇంట్లో తెలుగు మాట్లాడే మావాళ్ళ వీధి అని నాకు తెలుసు. కానీ గడప దాటాక తెలుగు మాట్లాడే అలవాటు మాలో ఎవరికుంది? పైగా పక్కన తెలుగు రాని నర్సు ఉంది. సరే, పాపమ్మాళ్‌ను విరుదునగర్ తీసుకొచ్చేశాం. పసిబిడ్డతో వీధినపడ్డ ఒక జంటకు ఆమె ఇల్లు ఇప్పించాను. రెండు పనులూ ఒకేసారి తెమిలాయని సంబరపడ్డాను కూడా.

నిన్న ఆశ్రమంలో ఉండగా అమ్మ ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని సతాయించింది. విసుక్కుంటూ తెలుగులోనే జవాబిచ్చాను. ఫోన్ పెట్టేసరికి వెనక మంచం మీంచి గొంతు వినిపించింది.

"నువ్వు మనోళ్ళ బిడ్డవా?"

పాపమ్మాళే. మాట కాస్త ముద్దగా ఉంది, అంతే. మంచం పక్కన కూర్చుని, ఆ రోజు ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

"జబ్బు వచ్చినంక అరవం నోట్లోకి రాలేదు పాపా. బయటోళ్ళ ముందర మన మాట ఎట్ల మాట్లాడేది?"

నన్ను బయటిదాన్ననుకుంది. అనుకోదా మరి? తిన్నావా అవ్వా అని ఒక్క ముక్క తెలుగులో అడిగి ఉంటే సరిపోయేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. పసిబిడ్డ తల్లిని ఇప్పుడు బయటికి పొమ్మనే నోరు నాకు లేదు. ఖాళీగా వేరే ఇల్లూ లేదు. ఇవేవీ ఆమెకు తెలియవు. మాట్లాడే మనిషి దొరికిందని పొంగిపోతూ ఎదురింటి జానకియమ్మాళ్ గురించి, గుమ్మం దగ్గర వదిలొచ్చిన కోళ్ళ గురించి చెప్పుకుపోయింది. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి ఎప్పుడు పోదాం పాపా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను.

"రేపు పోదాం అవ్వా," అన్నాను.

ఆమె అప్పుడే దిండు కింది చీర తీసి, ఆడే చేత్తో మడవడం మొదలుపెట్టింది. ఒంటి చేత్తో కుదరడం లేదు. నేను రెండో కొస పట్టుకుని మడత పెట్టించాను.