నలభై మూడో ఉత్తరం

"మిక్సీ పెట్టుకుందామంటే ప్లగ్గు కాళీ లేదేటి? ఆ డబ్బా తియ్యి ముందు," అన్నారు మా అత్తగారు దేముడమ్మ.

డబ్బా అంటే నా లాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు పీకితే ఆరిపోతుంది. వంటగట్టు మీద ఉన్నది ఒకటే ప్లగ్గు.

"రెండు నిమిషాలత్తా."

"రెండు నిముషాల్లో పచ్చడైపోద్ది. కొబ్బరెండిపోతంది."

"రెండు నిమిషాల్లో కొబ్బరి ఎండదత్తా."

"నోరు సూడు దీనిది!" అని వైరు ఆవిడే పీకేశారు. తెర నల్లబడింది. నేను రాస్తున్న సవరణ పోయింది.

మా ఆయన పరదేశి గవరపాలెంలో మేడ మీద గదిలో పిల్లలకి వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్పుతారు. ప్రతి శుక్రవారం వాళ్ళ గ్రూపులోకి తెలుగులో ఒక ఉత్తరం వెళుతుంది. ఆ వారం బ్రౌజర్లలో ఏం మారింది, కొత్తగా ఏ పనిముట్టు వచ్చింది, చదవదగ్గ వ్యాసం ఏది అని. కింద 'మీ పరదేశి సార్' అని ఉంటుంది. రాసేది నేను. "బీయెస్సీ కంప్యూటర్స్ చదివేవు, ఇంట్లో కాళీయే కదా, నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నారు పది నెలల కిందట. ఆ ఖాళీ ఎక్కడుందో నేనిప్పటికీ వెతుకుతున్నాను. అన్నం ఉడికేలోగా ఒక వ్యాసం, బట్టలు ఆరేసి వచ్చి ఇంకొకటి. ఆరు చదివితే ఒకటి నిలుస్తుంది. నేను తెరిచి వాడి చూడని పనిముట్టు గురించి రాయను. చేతులు బియ్యం కడుగుతుంటాయి, మనసు మాత్రం ఈ సంగతి తెలుగులో ఎలా చెప్పాలా అని తిరుగుతూనే ఉంటుంది. బ్రౌజరు పాత పేజీని దాచుకుని మళ్ళీ చూపించడాన్ని, నిన్నటి చారు వేడి చేసి వడ్డించడంతో పోల్చాను ఒకసారి. "సార్, మీకు వంట కూడా వచ్చా?" అని అడిగారట పిల్లలు. ఆయన ఇంటికొచ్చి పడీపడీ నవ్వారు. "వచ్చని చెప్పేసేను," అన్నారు. ఆ రోజు నేనూ నవ్వాను.

పోయిన శుక్రవారం వెళ్ళింది నలభై మూడోది. విడిగా స్క్రిప్టు కోడు రాయక్కర్లేకుండా, నొక్కగానే తెరుచుకునే మెనూ గురించి. 'అన్ని ఫోన్లలోనూ పనిచేస్తుంది' అని రాశాను. ఏ పాత ఫోన్లలో పనిచేస్తుందో చెప్పే పట్టిక సగం చూశానో లేదో, అత్తగారికి కంట్లో చుక్కలు వేసే వేళయింది. ఆపరేషనైన కన్ను. మూడు రకాల మందులు, ఒక్కోదానికీ మధ్య ఐదు నిమిషాలు. తిరిగొచ్చి మిగతా సగం చూడలేదు. తప్పు నాదే.

జాయ్స్ అనే అమ్మాయి తన మొదటి సైటు కట్టింది, వాళ్ళ నాన్న టైలరింగ్ షాపుకి. నిన్న గ్రూపులో రాసింది: 'సార్, మా నాన్న ఫోన్లో మెనూ తెరుచుకోవట్లేదు. మీరు అన్నిట్లోనూ పనిచేస్తుందన్నారు.' పిల్లల సందేహాలు చూడమని ఆయన నన్నూ ఆ గ్రూపులో చేర్చారు కాబట్టి, జవాబు కూడా చూశాను: 'ఆ ఉత్తరం నేను రాయలేదమ్మా. మా ఆవిడ రాసింది. ఆవిడకేం తెలుసు.'

పది నెలల్లో నేను రాశానని ఆయన చెప్పడం అదే మొదటిసారి. అందులోనూ నా పేరు లేదు. కోపం కన్నా ఎక్కువ తొందరగా ఉంది నాకు. లేచి తిరిగాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆ పిల్ల ఇంకా అక్కడే ఆగిపోయి ఉంటుంది కదా.

ఇవాళ పచ్చడి అయ్యాక సవరణ మళ్ళీ మొదటినుంచి రాశాను. ఆ మెనూ ఏయే ఫోన్లలో పనిచేయదో, ఆ ఫోన్ల కోసం దానికి బదులు ఏం రాయాలో. మా పాత ఫోన్లో తెరిచి చూశాను. చుక్కల మందు సంగతి రాయలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే మాట ఎత్తారు. "నా పరువు పోయింది. ఈసారన్నా జాగ్రత్తగా రాయి."

"సవరణ రాశానండి. తిన్నాక గ్రూపులో పెడతాను."

"నువ్వెందుకు? నాకియ్యి, నేను పెడతాను."

"నలభై మూడోది నేను రాసిందని మీరే చెప్పేరు కదా. మరి ముందరి నలభై రెండూ ఎవరు రాసేరని చెప్తారు?"

ఆయన పచ్చడి గిన్నె వాళ్ళమ్మ వైపు జరిపారు.

"సవరణ కింద పావని అని పెడుతున్నానండి. వచ్చే శుక్రవారం ఉత్తరం కిందా అదే ఉంటుంది. అలా వద్దంటే వచ్చేవారం నుంచి మీరే రాసుకోండి."

"పేరెట్టుకుంటే ఏటొత్తాదే నీకు?" అన్నారు అత్తగారు, పచ్చడి వడ్డించుకుంటూ.

"తప్పొచ్చినప్పుడు నన్నే అడుగుతారత్తా," అన్నాను.