ఏ తలకి ఆ తలకట్టు

మేనత్త పుస్తకం పట్టుకుందంటే, గోడమీది బల్లి కూడా ఆవిడ పేజీ తిప్పేదాకా పురుగు మీదికి దూకేది కాదు. నమ్మకపోతే ఆ బల్లినే అడగండి. అలాంటి మనిషికి ఈమధ్య కళ్ళు మొరాయించాయి. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చి మార్చి, "ఇంతకంటే మందం చేస్తే ముక్కు మొయ్యలేదమ్మా" అని చేతులెత్తేశాడు.

మేనల్లుడు ట్యాబు కొనిచ్చాడు. అందులో అక్షరాలు పెద్దవి చేస్తే లైనుకి రెండు మాటలే పట్టేవి, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేది. చిన్నవి చేస్తే తలకట్లూ గుళ్ళూ అక్షరాలతో కలిసిపోయి చీమలబారు అయ్యేది. ఇక మేనల్లుడి భార్యే చదివి వినిపించేది.

"కథలో తగాదా వచ్చిన చోటల్లా ఎగ్గొడుతున్నావు అమ్మాయ్."

"పొయ్యి మీద కూర మాడుతోంది పిన్నిగారూ. వాళ్ళు రేపు కొట్టుకున్నా మించిపోయిందేం లేదు."

"ఇంకొకరు నమిలిపెడితే తినే వయసా నాది," అని ఆవిడ అటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఏ పుస్తకమూ అడగలేదు. అది చూసి మేనల్లుడికి ముద్ద దిగలేదు.

అతని పనే కంప్యూటర్లకి అక్షరాలు గీయడం. అమ్మ ఉద్యోగానికి పోతే అతన్ని పెంచిందంతా మేనత్తే. నెత్తికి నూనె రాసిందీ, అక్షరాలు దిద్దించిందీ ఆవిడే. చిన్నప్పుడు తలకట్లు పెట్టడం మర్చిపోయేవాడని "తలకట్టు" అని పేరు కూడా పెట్టింది. ఆ అత్త కోసమే ఇప్పుడు కొత్త ఫాంటు మొదలుపెట్టాడు. చిన్నగా ఉన్నా విడివిడిగా కనబడే అక్షరాలు, ఆవిడ తనంతట తాను చదువుకోగలిగేవి.

అక్షరాల ఒళ్ళు గీయడం బాగానే సాగింది. తర్వాత వచ్చింది నెత్తి మీది సంగతి. చదివేవాళ్ళకి కనబడకుండా అక్షరం మీద ఒక చుక్క పెడతారు, తలకట్టులాంటి గుర్తు కింద ఒక చుక్క పెడతారు. చుక్కా చుక్కా కలిసిన చోట ఆ గుర్తు కూర్చుంటుంది. అతను అన్నిటికీ చుక్కలు పెట్టి, పెద్ద తెరమీద చూసుకుని మురిసిపోయి, ట్యాబులో ఎక్కించి తెచ్చాడు.

అత్త ముక్కు ఆనించి చూసింది. "ఇది ప నా, వ నా?"

"ప అత్తా."

"మరి నెత్తిమీది బరువుకి కుంగిపోయినట్టుందేం? ఇదిగో, ఈ గ తలకట్టయితే గాలికెగిరిపోతోంది, పట్టుకో."

అతని మొహం చిన్నబోయింది. మళ్ళీ సర్దాడు. తలకట్ల వరసంతా కాస్త పైకి జరిపితే గ ఇంకా ఎగిరింది, కిందికి దింపితే ప ఇంకా కుంగింది. ఎక్కడ తప్పుతోందో అంతుచిక్కలేదు.

ఒక మధ్యాహ్నం అత్త పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, లావు పెన్ను చేతికిచ్చింది. "మిషనుతో కాదు, చేత్తో ఒక వాక్యం రాయి."

అతను రాశాడు. ముందు తలల్లేని ఒళ్ళన్నీ వరసగా రాసుకుపోయి, మళ్ళీ మొదటికొచ్చి, తలకట్లన్నీ ఒకే ఎత్తులో టకటకా పెట్టుకుపోయాడు. కూర గరిటెతో సహా వచ్చి చూసిన భార్య పకపకా నవ్వింది.

"ఇన్నేళ్ళు కాపురం చేసి ఇది చూడనేలేదు నేను. మీరు ఊరందరికీ ఒకే సైజు టోపీ కుట్టేరకమన్నమాట."

అత్త కూడా నవ్వింది. "ఇంకా అలాగే రాస్తున్నావురా తలకట్టూ? మర్చిపోకుండా ఉండడానికి నీకొక్కడికే పెట్టిన పద్ధతి అది. చెయ్యి తిరిగాక వదిలెయ్యమని చెప్పాలని నాకు గుర్తురాలేదు, వదిలెయ్యాలని నీకు తోచలేదు."

అతను కంప్యూటరు తెరిచి చూసుకున్నాడు. నిజమే, చుక్కలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. చిన్నప్పటి పలక మీది వరస అది, చెయ్యి అడక్కుండానే పెట్టుకుపోయింది. తన చేతిలో ఇంకా ఆవిడ చెయ్యే ఉంది మరి.

"పక్కన కూర్చో అత్తా," అన్నాడు.

ఒక్కొక్క అక్షరాన్నీ పిలిచి, నెత్తి చూసి, చుక్క మార్చాడు. గ నెత్తిమీద తలకట్టు ఆని కూర్చుంది. ప మీద ఒళ్ళు తాకకుండా, కాస్త వెలుగు వదిలి నిలబడింది. అత్త పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేస్తున్నట్టు ఒకదాన్ని ఇటు జరపమంటుంది, ఒకదాన్ని అటు ఒంచమంటుంది, ఇంకొకదాన్ని "అది మొదట్నించీ పొగరుబోతే, అలాగే ఉండనీ" అంటుంది. ఆ అక్షరాలు సిగ్గుపడి తలలొంచుకున్నాయని తర్వాత అందరికీ చెప్పింది. మనం కాదంటామా?

పని పూర్తయ్యాక ట్యాబు అత్త ఒళ్ళో పెట్టాడు. ఆవిడ చిన్న అక్షరాల్లోనే మొదటి వాక్యం పైకి చదివింది. రెండోది మెల్లగా చదివింది. మూడో వాక్యానికి పెదవులు మాత్రమే కదిలాయి, ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. పేజీ మారింది.

అతను అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడ తలెత్తకుండానే చెయ్యి చాచి, అతని తల మీద పెట్టింది. చిన్నప్పుడు నూనె రాసిన చోటే.

"సరిగ్గా కుదిరాయిరా," అంది. "ఇక తలుపు దగ్గరికేసి పో. తగాదా మొదలైంది."

అతను తలుపు దగ్గరికి వేశాడు. వంటింట్లోంచి భార్య, "ఏమంటున్నారు పిన్నిగారు?" అని అడిగింది.

లోపల్నించి అత్త ఒక్కతే నవ్వుకుంటున్న చప్పుడు వినబడింది.

"మనతో ఏమీ అనట్లేదు," అన్నాడతను, కళ్ళు తుడుచుకుంటూ. "అన్నం పెట్టు, ఆకలేస్తోంది."