విసురుకు యాభై ఎనిమిది

ఓచి షుంపేయ్ మా చిన్నమ్మ కొడుకు. మత్సుయామా పెలికన్స్ బేస్‌బాల్ జట్టులో, బ్యాటర్ వెనక కూర్చుని బంతులందుకునే క్యాచర్‌గా ఉండేవాడు. నేను ఒకయామాలో బేస్‌బాల్ వీడియో గేమ్ తయారుచేసే ఒక కంపెనీలో ఆటగాళ్లకు అంకెలు వేసేదాన్ని. మా ఇంటిపేర్లు వేరు కాబట్టి మేం అక్కాతమ్ముళ్లమని ఆఫీసులో ఎవరికీ తెలియదు. బంధువులకు అంకెలు మరొకరు వేయాలన్నది మా దగ్గర నియమం. మొదటి ఏడాదే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వాడి ఫైలు ఇంకొకరి చేతికి పోవడం నాకిష్టం లేకపోయింది.

ఏడాది పొడుగునా ఆటలు చూడటం, స్టాప్‌వాచ్ పట్టి కొలవడం, ఒక్కొక్కరి దెబ్బకు, పరుగుకు, విసురుకు వందకు ఇంత అని వేయడం, ఇదీ నా పని. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో రెండు మూడుసార్లు సవరిస్తాం. గేమ్‌లో ఏళ్లు గడిచేకొద్దీ ఎవరు ఎప్పుడు ఎదగాలో, ఎప్పుడు వాడిపోవాలో కూడా మేమే రాస్తాం. కొందరు ఇరవై రెండుకే విచ్చుకుని ఇరవై ఏడుకి దిగిపోతారు. షుంపేయ్‌ని ఆలస్యంగా ఎదిగేవాళ్లలో రాశాను. జట్టులోకి వచ్చిన ఏడు వాడి విసురుకు వేసింది యాభై రెండు. ఫోన్ చేసి గోల పెట్టాడు.

"యాభై రెండా? మా అమ్మ విసిరినా అంతకంటే ఎక్కువొస్తుంది! నువ్వు అక్కవా, పగదానివా?"

"విసిరి చూపించరా, వేస్తాను."

చూపించాడు. మరుసటి ఏడు యాభై తొమ్మిది, ఆ పైన అరవై ఎనిమిది, ఐదో ఏట డెబ్బై ఏడు. ఒక్క అంకె కూడా ఊరికే వేయలేదు. బంతి వాడి చేతికి తగిలిన క్షణం నుంచి రెండో బేస్ దగ్గరున్న ఆటగాడి గ్లవ్‌లో పడేదాకా ఒకటి పాయింట్ తొమ్మిది సెకన్లు. వాడు కూర్చున్నాడంటే ఎదుటి జట్ల రన్నర్లు, బంతి పడుతుండగానే తర్వాతి బేస్‌కు లగెత్తే దొంగపరుగు మాటే తలపెట్టేవాళ్లు కాదు.

ఏడో సీజన్, ఏప్రిల్ చివర్లో వాడు ఒకయామా వచ్చాడు. మధ్యాహ్నం స్టేషన్ దగ్గర ఉడోన్ నూడుల్స్ తింటున్నాం. వాడు ఎడమ చేత్తో తంటాలు పడుతూ ఎత్తుకుంటున్నాడు.

"కుడిచేతికేమైందిరా?"

"భుజం పోయిందక్కా. తల దువ్వుకోడానిక్కూడా లేవట్లేదు."

"కోచ్‌కి చెప్పావా?"

"చెబితే కూర్చోబెట్టేస్తారు. నీకూ, మర్దన చేసే ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. ఈ సీజన్ లాగించేస్తే చాలు."

"ఎవడైనా పరిగెత్తితే?"

"ఎవడూ పరిగెత్తట్లేదుగా!" అని నవ్వాడు. "ఇప్పుడు విసిరేది నా చెయ్యి కాదక్కా, నా పేరు. నువ్వు మాత్రం నోరు విప్పకు."

విప్పనన్నాను.

రెండు వారాల తర్వాత సవరణల సమావేశం. మా ఆఫీసు పెద్దాయన హరగుచి కాగితాల మీంచి తలెత్తి అడిగారు. "యునోకి గారూ, ఓచి విషయంలో మనం మెత్తగా ఉంటామని గేమ్ ఆడేవాళ్లు రాస్తున్నారు. ఈ ఏడు అతని విసురు ఒక్కటైనా కొలిచారా?"

కొలవలేదు. ఎవరూ పరిగెత్తందే కొలిచేదేముంది? ఆ మాటే అనొచ్చు. "కొలిచేదాకా పాత అంకే ఉంచుదాం సార్" అంటే సరిపోయేది. కానీ 'మెత్తగా' అన్న మాట దగ్గర నా చెవులు వేడెక్కాయి. ఈయనకు మా చుట్టరికం తెలిసిపోయిందా అనిపించింది.

"తగ్గించాల్సిందే సార్," అన్నాను. "ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య అతను ఊరికే వేసే బంతులు చూశాను. మునుపటి ఊపు లేదు."

నేను చూసింది ఉడోన్ కొట్లో ఎడమచేయి. యాభై ఎనిమిది వేశాను. తమ్ముడని కూడా చూడలేదని ఆ పూట లోలోపల గర్వపడ్డాను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

ఒక్కసారిగా పంతొమ్మిది తగ్గడం మా గేమ్‌లో ఎన్నడూ లేదు. ఆడేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఒక క్రీడా పత్రిక మూలన నాలుగు లైన్లు వేసింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటలో, తొమ్మిది ఇన్నింగ్స్‌లో రెండోదాంట్లోనే ఎదుటి జట్టు రన్నర్ లగెత్తాడు. ఆఫీసు టీవీ ముందు నా వేలు దానంతటదే వాచీ నొక్కింది. రెండు పాయింట్ మూడు. మరొకడు పరిగెత్తాడు. ఇంకొకడు. ఐదోసారి బంతి రెండో బేస్ పైనుంచి గడ్డిలోకి దొర్లిపోయింది. షుంపేయ్ భుజం పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

మొదట పరిగెత్తినవాడు ఆట అయ్యాక మైకు ముందు నవ్వుతూ చెప్పాడు. "మా అమ్మాయితో గేమ్ ఆడుతుంటే ఓచి విసురు పడిపోయి కనిపించింది. నిజమో కాదో చూద్దామని!"

"యునోకి గారి కన్నంటే కన్నే!" అని హరగుచి బల్ల చరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

జూన్‌లో వాడి భుజానికి ఆపరేషన్ జరిగింది. జూలైలోగానీ ఆసుపత్రికి వెళ్లే ధైర్యం రాలేదు. వాడు మంచం మీద మా గేమే ఆడుతున్నాడు.

"రా అక్కా. ఇప్పుడే నన్ను నేనే జట్టులోంచి పీకేశాను. యాభై ఎనిమిది గాడితో గెలవడం కష్టం."

"ఒరేయ్, నన్ను తిట్టరా."

"డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఇంకో నెల ఆలస్యమైతే చెయ్యి మెడ దాకా కూడా లేచేది కాదట. నీకు దణ్ణం పెట్టాలి నేను."

"నీ చెయ్యి కాపాడదామని కాదురా నేను వేసింది. మా పెద్దాయన ముందు మంచిదాన్ననిపించుకోడానికి."

వాడు ఆట ఆపాడు. "తెలుసక్కా," అన్నాడు. "అంకె తప్పని అనను. కాకపోతే వేసేముందు ఒక్క ఫోన్ చేసుంటే, నేనే వెళ్లి కోచ్‌కి చెప్పుకునేవాణ్ణి. ఐదుగురు పరిగెత్తడం మా అమ్మ టీవీలో చూసేది కాదు."

మర్నాడే హరగుచికి చుట్టరికంతో సహా అంతా చెప్పేశాను. ఆయన కేకలేయలేదు. "ఏడేళ్లు!" అని మాత్రం అన్నారు. అంకెల పనిలోంచి తప్పించి స్టేడియాల బొమ్మలు సరిచూసే విభాగంలో వేశారు. షుంపేయ్ మళ్లీ విసరలేకపోయాడు. ఆ శరదృతువులో ఆట మానేసి, అదే జట్టులో, బంతులు వేసే పిచర్లు మైదానంలోకి దిగేముందు చేతులు వేడి చేసుకునేటప్పుడు వాటిని అందుకునే పనిలో చేరాడు. ఆ పని చేసేవాళ్లు గేమ్‌లో ఉండరు. కొత్త సీజన్ జాబితాలోంచి వాడి పేరు తీసేశారు.

కొత్త సంవత్సరానికి చిన్నమ్మ పిలిస్తే మత్సుయామా వెళ్లాను. మోచీ అనే బియ్యపు ముద్దలు ఉడికించిన పులుసు నా గిన్నెలో పోస్తూ ఆవిడ అంది, "నీ గేమ్‌లో వీడికి ఎంత మంచి అంకెలేసేదానివో ఊరంతా చెప్పుకునేదాన్నే తల్లీ. తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉన్నావు."

"చిన్నమ్మా, అది..." అన్నాను. షుంపేయ్ నావైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, అక్కకి ఇంకో మోచీ వెయ్యి," అన్నాడు.

వేసింది. తిన్నాను.