ముప్పై లెక్కపెట్టేదాకా

బాపయ్య పరువు ఇంతలా ఎన్నడూ పోలేదు. ఇంతా చేసి అతను చేసిన తప్పల్లా తన ఇంట్లో, తన చాప మీద కాలు చాపుకుని కూర్చోవడం.

పత్తికి మందు కొట్టే పంపు ఏళ్ళ తరబడి వీపున మోసి అతనికి నడుం పట్టేసింది. తొడల వెనక కండలు బిగుసుకుపోయాయని, రోజూ సాగదీయమని గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. కాలు చాపి, పాదానికి తువ్వాలు తగిలించి, ముప్పై లెక్కపెట్టేదాకా లాగి పట్టుకోవాలి. నలభై దాటిన రైతు బడిపిల్లాడిలా కసరత్తు చేస్తున్నాడంటే ఊరు నవ్వదూ? అందుకని పెళ్ళానికి కూడా చెప్పకుండా బస్తాల గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఇరవై దాకా బాగానే ఉంది. ఆ తర్వాత తొడ గడగడా వణికింది. అయినా వదలకూడదని పళ్ళు బిగించి, కళ్ళు మూసుకున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే పెళ్ళాం శివపార్వతి తలుపు తోసింది.

పురుగుమందు తాగిన మనిషి ఎట్లా వణుకుతాడో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పత్తి పంట పోయి ఆ ఏడాదే ఇద్దరు తాగారు. ఆమె పెట్టిన కేకకు వీధంతా వచ్చిపడింది.

"నేనేం తాగలేదే," అన్నాడు బాపయ్య. తాగినవాడు మాత్రం తాగానంటాడా? పక్కింటి ఇమాం హుస్సేన్, చిన్ననాటి స్నేహితుడు, అతని చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఎవరో ముక్కు మూశారు, ఎవరో చెంబెడు ఉప్పునీళ్ళు గొంతులో పోశారు. గట్టు తగాదాలో నెలకోసారి తిట్టిపోసే మనిషి కూడా "పాపం, మంచోడు" అన్నాడు. ఆ మాటకు బాపయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆటోలో పొదిలి ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు పరీక్ష చేసి, జరిగింది విని, ముందు నీళ్ళు పోసినవాళ్ళకు చీవాట్లు పెట్టాడు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే మీరే చంపేవాళ్ళన్నాడు. తర్వాత బాపయ్య తొడ నొక్కి చూశాడు.

"కండని బాగా లాగితే తెగుతానేమోనని అది వెనక్కి లాక్కుంటుందయ్యా. లోపలి పోగులు కొన్ని అలిసిపోతే కొన్ని అందుకుంటాయి. ఆ పెనుగులాటే ఈ వణుకు. అలవాటయ్యేకొద్దీ తగ్గుద్ది. మరీ వణికితే కాస్త వదులు చెయ్యి."

ఇంటికొచ్చాక బాపయ్య పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు.

"నలుగురిలో నా తల తీసేశావు గదే. నిన్నూ పిల్లనీ వదిలేసి పోయే రకంలా కనపడ్డానా నీకు? ఇరవై ఏళ్ళు కాపురం చేసి నన్ను తెలుసుకుంది ఇంతేనా?" అని, అరుగు మీద కూర్చున్న ఇమాం హుస్సేన్ వైపు తిరిగాడు. "ఏరా, నీకన్నా బుద్ధి లేదా?"

శివపార్వతి బస్తాల గదిలోకి పోయింది. బస్తాల వెనక నుంచి గోతంలో చుట్టిన డబ్బా తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది. పురుగుమందు డబ్బా. సీలు కూడా తియ్యలేదు.

"పత్తికట్టె పీకేసి నెల దాటింది. ఇది దేనికి కొట్టటానికి తెచ్చావో చెప్పు."

బాపయ్య డబ్బా మీదికి గోతం లాగాడు.

"పది రోజుల నుంచీ చూస్తన్నా. పొద్దున్నే లేచి దీని సీలుందో లేదో చూసుకోటమే నా పనయింది. అడిగితే గుర్తుచేసినట్టవుద్దని నోరు మూసుకున్నా. నువ్వు నా మీద కోప్పడతన్నావా?"

ఇమాం హుస్సేన్ లేచి డబ్బా తీసుకున్నాడు. బాపయ్య మొహం వైపు చూడకుండా దాన్ని తన ఇంటికి పట్టుకుపోయాడు.

"తెచ్చా," అన్నాడు బాపయ్య. "తాగటం నా వల్ల కాలేదు. బతికుండాలంటే పని చెయ్యాలి గదా, నడుం బాగు చేయించుకుందామని గుంటూరు పోయా."

శివపార్వతి తువ్వాలు తెచ్చి అతని ఒళ్ళోకి విసిరింది. "చాపు కాలు. తలుపు తీసే ఉంచు. లెక్క నేను పెడతా."

ఇరవై దగ్గర తొడ వణికింది. ఆమె కోపంగానే ఇరవై ఒకటి అంది.